మొదటి పేజీ కింద ఐదు లైన్లు

“చదువు” అన్నాడు పెద్దాయన.

పేపరు వచ్చి బల్ల మీద పడింది. ఆ విసురుకి కప్పు ఒరిగి సగం కాఫీ సాసరులోకి ఒలికింది. తల్లి గుడ్డ కోసం లేవబోయి, భర్త ముఖం చూసి మళ్ళీ కూర్చుంది.

“నేనే రాశాను నాన్నా. చదవక్కర్లేదు” అంది పెద్దమ్మాయి.

“నువ్వు రాశావని నాకూ తెలుసు. పైకి చదువు. ఈ ఇంట్లో అందరూ వినాలి.”

ఆమె పేపరు ముట్టుకోలేదు. ముట్టుకోకపోయినా అందులో ఏముందో ఆ బల్ల చుట్టూ ఉన్న నలుగురికీ తెలుసు. మొదటి పేజీ అడుగున, కుడివైపు, నల్లగీతల బాక్సులో ఐదు లైన్లు. పెద్దాసుపత్రిలో మందులు దొంగిలించి బయట అమ్ముతోందని పదకొండేళ్ళ కిందట ఒక నర్సు మీద ఈ పత్రిక రాసింది. ఆ వార్త తప్పు. విచారణలో ఆమె నిర్దోషి అని తేలింది. తేలిన సంగతి పత్రిక ఇన్నాళ్ళూ దాచింది. అందుకు, నర్సు పేరు పెట్టి మరీ, క్షమాపణ. కింద పెద్దమ్మాయి సంతకం.

పదకొండేళ్ళ కిందటి ఆ వార్త కింద ఉన్నదీ ఆమె పేరే.

“తప్పు రాసిందీ నువ్వే, తప్పని చాటిందీ నువ్వే. బాగుంది. మధ్యలో ఈ పత్రిక నాది కదా, నన్నెవరైనా అడిగారా?”

“అడిగితే వేయనిచ్చేవారా?”

“చచ్చినా వేయనిచ్చేవాణ్ణి కాదు.”

“అందుకే అడగలేదు.”

ఎదురుగా కూర్చున్న తమ్ముడు ఫోనులోంచి తల ఎత్తాడు. పత్రిక అక్క చేతిలో పెట్టిన తండ్రి, టీవీ చానెల్ వాడి చేతిలో పెట్టి ఆరేళ్ళయింది. ఆ ఆరేళ్ళూ వాడు తన చానెల్నీ అక్క పత్రికనీ పక్కపక్కన పెట్టి చూస్తూనే ఉన్నాడు, ఎవరి వాటా బరువెక్కువని.

“అక్కని ఎందుకలా అంటారు నాన్నా? ఎవరి తప్పు వాళ్ళు ఒప్పుకోవడం మంచిదేగా” అన్నాడు, మాటకి వెన్న రాసి.

“నువ్వు నోరుముయ్యి” అన్నారు తండ్రీ కూతురూ ఒక్కసారే.

తల్లి చెంచాతో చల్లారిన కాఫీ కలుపుతూనే ఉంది.

పెద్దమ్మాయే మళ్ళీ మొదలుపెట్టింది. “పాత ఫైళ్ళ గదిలో విచారణ నివేదిక దొరికింది నాన్నా. మన ఆఫీసుకి వచ్చి పదేళ్ళు దాటింది. దాని మీద ఎర్ర ఇంకుతో ‘వేయవద్దు’ అని ఉంది. చేతిరాత మీది. కింద తేదీ కూడా వేశారు.”

పెద్దాయన బుకాయించే రకం కాదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఎందుకు వద్దన్నానో అడుగు.”

“అడుగుతున్నాను.”

“నీకోసం. రెండేళ్ళు ప్రూఫులు దిద్దించాను నీచేత. ‘ఆడపిల్లకి పేపరెందుకు, రేపు అల్లుడొచ్చి చూసుకుంటాడులే’ అని మీ బాబాయిలిద్దరూ బోర్డులో నా ముఖం మీదే అన్నారు. ఆ ఒక్క వార్తతో వాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. ఏడాది తిరక్కుండా అది తప్పని నా చేత్తో నేనే వేస్తే ఏమయ్యేది? ఇవాళ్టికీ ఆ మూల కూర్చుని కామాలు దిద్దుకుంటూ ఉండేదానివి.”

“ఉండనివ్వాల్సింది.”

“ఉండేదానివే! ఇప్పుడు అంటావు, తేలిగ్గా. సిటీ పేజీ ఇచ్చిన రోజు అనలేదే? ఆరు ఎడిషన్లూ నీకు అప్పగించిన రోజు అనలేదే?”

ఆమె తన తెలివి వల్లే ఎదిగానని ఇన్నాళ్ళూ నమ్మింది. తెలివి లేకపోలేదు. కానీ మొదటి మెట్టు మాత్రం ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి వీపు. దాని మీద కాలు పెట్టి ఎక్కానని తెలిసిన రోజు నుంచీ అన్నం సహించడం లేదు. ఆ సంగతి ఈ బల్ల దగ్గర చెబితే తమ్ముడు నవ్వుతాడు.

“పదకొండు గంటలకి బోర్డు మీటింగు” అన్నాడు పెద్దాయన. “నా కుర్చీ నీకిస్తున్నానని నేను లేచి చెప్పాలి. ప్రధాన సంపాదకురాలు అని. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని లేవను? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే అమ్మడూ. ఆ మాత్రం తెలియకుండా ఇంత పెద్దదానివి ఎలా అయ్యావు?”

తమ్ముడు ఫోను చెవిన పెట్టుకుని లేచాడు. “ఇల్లు దొరికిందా? వెరీగుడ్. పదింటికి” అంటూ వరండాలోకి వెళ్ళిపోయాడు. వాడికి రోజూ ఉండే గొడవేలే అనుకుంది ఆమె.

గుమ్మం దాకా తల్లి వచ్చింది. కూతురు చెప్పులు వేసుకుంటుంటే మెల్లగా అడిగింది. “ఆవిడకి ముందే చెప్పావా?”

“ఎవరికి?”

“ఆ నర్సుకి.”

“చెప్పడమెందుకమ్మా? మంచి వార్తేగా. చూసి సంతోషిస్తుంది.”

తల్లి ఏదో అనబోయి, లోపల్నుంచి భర్త పిలుపు వినపడి వెనక్కి తిరిగింది.

* * *

మూడో అంతస్తులో న్యూస్ రూము ఎప్పుడూ సంతలా ఉంటుంది. పెద్దమ్మాయి అడుగుపెట్టేసరికి ఆ రోజు కీబోర్డుల చప్పుడు తప్ప మరేం లేదు. ఎవరూ తల ఎత్తలేదు.

తల ఎత్తినవాడు న్యూస్ ఎడిటరు ఒక్కడే. రిటైరు కావడానికి నాలుగు నెలలున్న మనిషి. వార్తలో మొదటి వాక్యం ఎలా రాయాలో ఆమెకి నేర్పింది ఆయనే. ఆమె కుర్చీలో కూర్చోకముందే వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

“ఆ రోజు ‘తెల్లకోటు దొంగ’ అని హెడ్డింగు పెట్టింది నేనమ్మా” అన్నాడు.

“తెలుసండీ.”

“మరి నా పేరెందుకు వేయలేదు?”

“మిమ్మల్ని ఇందులోకి లాగడమెందుకని…”

“అందులో ఉన్నవాణ్ణి ఇందులోకి లాగడమేమిటి? తప్పులో నాకు సగం వాటా ఉంది. ఒప్పులో లేకుండా చేశారు. దయా? లేకపోతే మంచి పేరంతా మీకేనా? ముప్పై నాలుగేళ్ళు చేశాను ఇక్కడ. నన్నొక మాట అడిగి ఉంటే పక్కన నిలబడేవాణ్ణి. ఇప్పుడు బయట జనం ఏమనుకుంటున్నారు? యజమాని కూతురు నిజాయితీపరురాలు, మిగతావాళ్ళంతా దొంగలని.”

ఆమెకి ఒళ్ళు మండింది. మంచి పని చేసినవాళ్ళని ఇలా వరసపెట్టి తిట్టడం ఎక్కడైనా ఉందా?

“మీకూ అడగలేదనేనా బాధ? పొద్దుట్నుంచీ అందరికీ అదే బాధ.”

“అందరికీ అదే ఎందుకుందో ఆలోచించండి మరి” అని ఆయన వెళ్ళిపోయాడు.

బల్ల మీద ఫోను మోగింది. రిసెప్షన్ అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది. “మేడమ్, ఆవిడ. పేపర్లో మీరు వేసిన ఆవిడ. ఇది నాలుగోసారి చేయడం.”

పెద్దమ్మాయి పమిట సర్దుకుంది. ఎదురుగా మనిషి ఉన్నట్టే నిటారుగా కూర్చుంది. ఏం చెప్పాలో నిన్నే అనుకుని పెట్టుకుంది కూడా. “నమస్కారమండీ. నేను మీకు…”

“ఎవర్నడిగి నా పేరు వేశారు?”

గొంతు పెద్దది కాదు. వార్డులో రోగులు లేవకుండా మాట్లాడే అలవాటున్న గొంతు.

“మీకు జరిగిన అన్యాయం అందరికీ తెలియాలని…”

“తెలిసింది. అన్యాయం జరిగిందని సగం మందికి తెలిసింది. మందులు దొంగిలించిందట అని అందరికీ తెలిసింది. ఐదు లైన్లు మొత్తం చదివేదెవరండీ? పేరు చూస్తారు, దొంగ అనే మాట చూస్తారు, పేజీ తిప్పుతారు. మీ పేపరే కదా, మీకు తెలీదూ?”

పెద్దమ్మాయి బల్ల మీదున్న ఆ రోజు పేపరు తిరగేసి పెట్టింది.

“ఊరు ఆ కొస నుంచి ఈ కొసకి మారాను. ఇక్కడ ముసలివాళ్ళని చూసుకునే చోట పని చేస్తున్నాను తొమ్మిదేళ్ళుగా. ఈ పాత గొడవ వాళ్ళకి చెప్పలేదు. పొద్దున్న ఏడింటికి ఫోన్ చేసి రెండ్రోజులు రావద్దన్నారు. అది పోనీండి. నాకొక కూతురుంది. అప్పుడు దానికి ఆరేళ్ళు. వాళ్ళ నాన్న మమ్మల్ని వదిలి ఎందుకు పోయాడో దానికి వేరే కథ చెప్పి పెంచాను. ఇవాళ మీ పేపరు తెచ్చి నా ముందు పెట్టి, ‘అమ్మా, ఇందుకా?’ అంది. ఏం చెప్పమంటారు?”

“నన్ను క్షమించండి. నేను…”

“మళ్ళీనా? ఎన్నిసార్లు చెప్తారు? మీకు చెప్పుకోవాలనిపించింది, చెప్పుకున్నారు. మీ గుండె తేలికపడింది. ఎద్దు పుండు కాకికి నొప్పా? సరే. అయిందేదో అయింది. ఇప్పుడు ఆ బండిని తీయించండి.”

“ఏ బండి?”

“మీ బండే. నెత్తిన గొడుగులాంటిది పెట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. మీ చానెల్ పేరు ఇంతేసి అక్షరాలతో రాసుంది. వీధి వీధంతా బయటికొచ్చి చూస్తోంది. తలుపు బాదుతున్నారు.”

* * *

చానెల్ ఉన్న నాలుగో అంతస్తుకి లిఫ్టు కోసం ఆగలేదు ఆమె. మెట్లు ఎక్కింది.

గోడ నిండా తెరలు. ఒక తెర మీద ఇరుకు వీధి, నీలం రంగు తలుపు. కింద ఎర్ర పట్టీలో అక్షరాలు పరుగెడుతున్నాయి: పదకొండేళ్ళ మౌనం వీడనున్న నర్సు. పది గంటలకు లైవ్.

“వ్యాను వెనక్కి పిలువు” అంది.

తమ్ముడు కుర్చీలో వెనక్కి వాలాడు. “ఎందుకక్కా? నువ్వు పేపర్లో వేశావు, నేను తెర మీద వేస్తున్నాను. పుణ్యంలో నాకూ కాస్త వాటా ఇవ్వు.”

“ఆవిడ తలుపు తీయడం లేదురా!”

“తలుపు తీయకపోవడమే వార్త. నువ్వు పాతకాలం జర్నలిస్టువి, నీకు తెలియదు.”

“ఒరేయ్, ఆవిడకి పదిహేడేళ్ళ కూతురుంది ఇంట్లో.”

“ఉందా?” వాడు పక్కనున్న కుర్రవాడి వైపు తిరిగాడు. “కూతురు కూడా ఉందట. రిపోర్టరుకి చెప్పు.”

ఆమె చెయ్యి లేచింది. కొట్టేదే. వెనకనుంచి “అమ్మడూ” అన్న పిలుపు వినపడి ఆగింది.

పెద్దాయన గుమ్మంలో ఉన్నాడు. చేతిలో టైపు చేసిన కాగితం. గదిలో ఉన్న ఉద్యోగులు ఎవరూ చెప్పకుండానే బయటికి జారుకున్నారు.

“వ్యాను వెనక్కి వస్తుంది. నేను ఒక్క మాటంటే చాలు. దీని మీద సంతకం పెట్టు.”

ఆమె చదివింది. ఈ రోజు వచ్చిన క్షమాపణ డెస్కు పొరపాటు. కార్యనిర్వాహక సంపాదకురాలికి, అంటే తనకి, తెలియకుండా జరిగింది. పాత వార్తకి పత్రిక కట్టుబడి ఉంది. బాధ్యుడైన న్యూస్ ఎడిటరుపై చర్య తీసుకున్నాం.

ప్రూఫుల అలవాటు ఎక్కడికి పోతుంది? “కట్టుబడి” లో ఒత్తు పడలేదని ముందు కంటికి ఆనింది. తరవాతే మిగతాది.

“నాలుగు నెలల్లో రిటైరయ్యే మనిషిని గెంటేస్తారా?”

“ఇంటికి పోయేవాడేగా. నాలుగు నెలలు ముందు పోతాడు.”

“ఇది అచ్చయితే ఆవిడ మళ్ళీ దొంగ అవుతుంది నాన్నా.”

“ఒకసారి అయిందిగా. అలవాటే.”

ఆ మాటకి తమ్ముడు కూడా ఉలిక్కిపడి తండ్రి వైపు చూశాడు. పెద్దాయనకీ తన మాట తన చెవిన పడ్డట్టుంది. పెదవి కొరుక్కున్నాడు. కానీ వెనక్కి తీసుకోలేదు. ఆ ఇంట్లో అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు ఎవరికీ లేదు.

“పదకొండింటికి ఆ కుర్చీ నీది” అన్నాడు, గొంతు తగ్గించి. “అందులో కూర్చున్నాక నీ ఇష్టం. ఆవిణ్ణి పిలిచి ఉద్యోగం ఇస్తావో, ఇల్లే కట్టిస్తావో, నేను అడగను. ఒక్క సంతకం. నలభై నిమిషాలుంది పదింటికి.”

పెన్ను ఆమె చేతిలో పెట్టాడు. చిన్నప్పుడు వేలు పట్టుకుని దిద్దించిన చెయ్యే. ఆమె ఒక క్షణం నిజంగానే ఆలోచించింది. పెడితే వీధి ఖాళీ అవుతుంది. తలుపు బాదడం ఆగుతుంది. రేపు పొద్దున్న ఆ పిల్ల మళ్ళీ పేపరు తెచ్చి వాళ్ళమ్మ ముందు పెడుతుంది.

పెన్ను బల్ల మీద పెట్టి నడిచింది.

“ఎక్కడికి?”

“వాళ్ళింటికి.”

“ఇవాళ ఈ మెట్లు దిగావంటే మళ్ళీ ఎక్కడానికి నిన్ను లోపలికి రానివ్వరు. చెప్తున్నాను.”

ఆమె దిగింది.

* * *

వీధి మొదట్లోనే కారు ఆపేయాల్సి వచ్చింది. జనం మధ్యలోంచి తోసుకుంటూ వెళ్ళింది. మైకు పట్టుకున్న రిపోర్టరు ఆమెని చూసి తెల్లబోయాడు.

“మేడమ్! మీరు…”

“జరుగు.”

“సార్ ఏమీ చెప్పలేదు మేడమ్, మీరొస్తారని…”

నీలం తలుపు మీద వేళ్ళతో మెల్లగా కొట్టింది. లోపలినుంచి చప్పుడు లేదు. తలుపుకి దగ్గరగా నోరు పెట్టి, కెమెరాకి వినపడకుండా చెప్పింది. “నేనండీ. ఆ వార్త రాసింది నేనే.”

చాలాసేపటికి గడియ కదిలింది. మనిషి పట్టేటంత తెరుచుకుని, ఆమె లోపలికి రాగానే మూసుకుంది.

ఒకే గది. మంచం, కుట్టు మిషను, గోడకి ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లకోటు. నర్సు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. సన్నటి మనిషి. జుట్టు సగం నెరిసింది. చేతులు కట్టుకుంది.

పెద్దమ్మాయి ఆ ముఖాన్ని చూస్తూ ఉండిపోయింది. ఆ ముఖాన్ని చూడటం అదే మొదటిసారి.

“వ్యాను తీయించమన్నాను. మిమ్మల్ని రమ్మనలేదు” అంది నర్సు.

“తీయించలేకపోయాను.”

“మీ తమ్ముడిదేగా?”

“మాట వినలేదు.”

“మీ మాటే వినలేదా?” నర్సు నవ్వలేదు. “కూర్చోమని అనను. ఏమీ అనుకోకండి.”

“అనుకోను.”

మంచం మీద కూర్చున్న పిల్ల లేచింది. చేతిలో ఆ రోజు పేపరు, ఆ బాక్సు పైకి వచ్చేలా మడత పెట్టి ఉంది. ఏడ్చిన కళ్ళు. కానీ ఏడుపు అయిపోయింది.

“నేనొకటి అడుగుతాను. నిజం చెప్తారా?”

“చెప్తాను.”

“ఆ రోజు రాసేముందు మీరు మా అమ్మని కలిశారా?”

“ఊరుకోవే” అంది నర్సు.

“నువ్వుండమ్మా. కలిశారా?”

“లేదు” అంది పెద్దమ్మాయి.

“ఫోన్ చేశారా? అమ్మ ఏమంటుందో కనుక్కున్నారా?”

“లేదు.”

“ఎందుకని?”

చెప్పడానికి చాలా ఉన్నాయి. ప్రెస్సు ఆగదు. వేరే పేపరు వాళ్ళు ముందు వేసేస్తారు. ఆసుపత్రి వాళ్ళే కాగితాలిచ్చారు. ఇన్నేళ్ళూ తనకి తాను చెప్పుకున్నవన్నీ వరసగా నాలిక మీదికి వచ్చాయి. ఆ పిల్ల ఎదురుగా ఒక్కటీ నిలబడలేదు.

“కలిస్తే వార్త చెడిపోతుందేమోనని” అంది పెద్దమ్మాయి. “మీ అమ్మ నిజం చెబుతుందేమోనని. నాకు ఆ వార్త కావాలి అప్పుడు.”

నర్సు కట్టుకున్న చేతులు జారిపోయాయి. గోడ పట్టుకుని మెల్లగా మంచం అంచున కూర్చుంది. ఉద్యోగం తీసేసినప్పుడూ, మొగుడు వదిలిపోయినప్పుడూ ఎవరి ముందూ కూలబడని మనిషిలా ఉంది ఆమె.

పిల్ల పేపరు వంక చూసింది. “ఈ మాట ఇందులో లేదు.”

“లేదు.”

“రాయలేదేం?”

“రాయలేకపోయాను.”

బయట ఎవరో “రెండు నిమిషాలు!” అని అరిచారు. కిటికీ సందులోంచి లైటు వెలుగు లోపలికి వచ్చి నేల మీద గీతలా పడింది. గోడ గడియారంలో పెద్దముల్లు పన్నెండుకి కాస్త ఇవతల ఉంది.

“అయితే బయట చెప్పండి” అంది పిల్ల.

“వద్దే!” నర్సు లేచింది. పొద్దుట్నుంచీ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తనంత గొంతెత్తింది. “నాకు వాళ్ళ న్యాయం వద్దు, వాళ్ళ దండాలూ వద్దు. తలుపు తీయకు!”

“నీకు వద్దేమోనమ్మా. నాకు కావాలి. ఈ వీధిలో రేపు నేనే నడవాలి.”

పెద్దమ్మాయి ఇద్దరి మధ్యా నిలబడింది. తల్లి వద్దంటోంది. కూతురు కావాలంటోంది. నిన్న ఎవరినీ అడగలేదు. ఇవాళ అడగాలనుకుంటే ఎవరిని అడగాలి? ఆమె నర్సు వైపు తిరిగి, “మీరు చెప్పండి. మీరు ఏమంటే అదే చేస్తాను” అని ఇంకా అంటూనే ఉంది, పిల్ల వెళ్ళి గడియ లాగేసింది.

తలుపు బార్లా తెరుచుకుంది. వెలుగు ఒక్కసారిగా ముగ్గురి ముఖాల మీదా కొట్టింది. కెమెరా మీద ఎర్రదీపం అప్పటికే వెలుగుతోంది. రిపోర్టరు మైకు ముందుకి చాచి, తల్లి వైపా, కూతురి వైపా, తన యజమాని కూతురి వైపా తెలియక, నాలుగో అంతస్తు నుంచి చెవిలో పడబోయే మాట కోసం అలాగే ఆగిపోయాడు.